లింబాద్రి సౌకర్యం

ఆర్మూరు లింబాద్రి పద్దెనిమిదేళ్లుగా దమ్మామ్‌లో ఏసీలు బాగుచేస్తున్నాడు. విజిట్ వీసా మీద వచ్చిన భార్య శ్రీలతను నాలుగు చోట్లు తిప్పుదామని మూడు రోజులకు కారు అద్దెకు తీసుకున్నాడు. సౌదీ కార్డు గడువు అయిపోవడంతో, కారు తిరిగి అప్పగించేటప్పుడు ఊళ్లో బ్యాంకు ఇచ్చిన కార్డు ఇచ్చాడు. కౌంటర్‌లో ఉన్న పాకిస్తానీ నదీమ్ అడగకుండానే బిల్లును రూపాయల్లోకి మార్చి కార్డు గీకేశాడు. మార్పిడి పేరిట తొమ్మిది వందల రూపాయలు అదనంగా పడ్డాయి.

"ఎందుకు మార్చావు భాయ్?" అని లింబాద్రి హిందీలో అడిగాడు.

"మీ సౌకర్యం కోసమే. మీ దేశం డబ్బయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది."

లింబాద్రి తెలుగులోకి దిగాడు. "గట్లనా. నాకు తెలుగైతే ఇంకా అల్కగుంటది. ఇగ తెలుగులనే మాట్లాడుకుందాం."

ఆ తర్వాత నదీమ్ ఏమడిగినా, తనకు జరిగిన అన్యాయం మొదటినుంచీ నింపాదిగా తెలుగులోనే చెప్పుకొచ్చాడు. వెనక నిలబడ్డవాళ్ల వరుస తలుపు దాకా పెరిగింది. చివరికి మేనేజరు వచ్చి, నదీమ్‌ను అడిగి సంగతి తెలుసుకుని, ఆ బిల్లు రద్దు చేయించి రియాళ్లలో గీకించాడు.

బయటికొచ్చాక శ్రీలత అంది: "ఇన్నేండ్ల సంది ఫోన్ల 'తిన్నవా, మంచిగున్నవా' తప్ప మాట్లాడలే. గిన్ని మాటలు యాడ దాసినవ్?"

లింబాద్రి నవ్వి, టాక్సీ కోసం చెయ్యెత్తాడు.