మునగని గణపతి

మా మేనమామ సూర్యం మంచివాడని నేననను. నోరు తెరిస్తే తిట్టు, చెయ్యెత్తితే దెబ్బ. కానీ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ల పందిట్లో ఇరవై రెండేళ్లు వినాయకుడు కూర్చున్నాడంటే ఆ చేతుల వల్లే. ఏటా ఆయన మట్టి తొక్కి బొమ్మ చేసేవాడు, తొమ్మిదో రోజున మేం తీసుకెళ్లి అర్పా నదిలో కలిపేసేవాళ్లం. ఆ పూట ఆయన నదికి వచ్చేవాడు కాదు. క్వార్టర్లో కూర్చుని అచ్చియమ్మత్తను తిడుతూ ఉండేవాడు.

ఆయన క్యారేజీ షెడ్డులో పెయింటర్. రైలు పెట్టెల్లో పగిలిన ఫైబర్ పలకలకు గాజుపీచు పరిచి, రెజిన్ జిగురు పూసి అతకడం అక్కడే నేర్చాడు. తొంభై రెండులో, తను చేసిందొక్కటైనా మిగలాలని, ఆ సరుకుతోనే నిలువెత్తు గణపతిని చేశాడు. ముందు సగం, వెనక సగం విడివిడిగా అచ్చు తీసి అతికాడు, లోపలంతా బోలే. మూడు నెలల పని. ఆ గాజుపొడికి ఒళ్లంతా దద్దుర్లు. బట్టలుతికిన పాపానికి అత్తకీ దురదలే. పసుపు వినాయకుణ్ణి నీళ్లలో కలిపి, ఈ పెద్దాయన్ని గుళ్లో ఉంచేస్తామని కమిటీ పెద్ద తిరుమలరావు అందరి ముందూ మాటిచ్చాడు.

నిమజ్జనం రోజున మాట మార్చారు. ప్రాణప్రతిష్ఠ చేసిన దేవుణ్ణి నీళ్లకివ్వకపోతే కాలనీకి అరిష్టమని ఎవరో అన్నారు. తాగినవాళ్లు అవునన్నారు. తిరుమలరావు తలూపేశాడు. మామ బొమ్మకు అడ్డం పడితే నలుగురు పట్టి నేలకేసి కొట్టారు. కనుబొమ్మ చిట్లింది. అయినా మా వెనకే నదికి వచ్చాడు.

నీళ్లలో వదిలితే బొమ్మ మునగలేదు. వెదురుగడలతో తొక్కితే బుడుంగున మునిగి మళ్లీ పైకి లేచింది.

"ఏటి సూర్యం, ఏటి చేసావిది? దేవుడు మన పూజ వొద్దంటన్నాడు," అన్నాడు తిరుమలరావు.

ఇంకేముంది, జనానికి పిచ్చెత్తింది. రాళ్లు రువ్వారు. గునపంతో పొడిస్తే అది జారి పొడిచినవాడి కాల్లోనే దిగింది. దంతం విరిగింది, ఒక కన్ను లొట్టపోయింది. నేనూ ఒక రాయి వేశాను, అబద్ధమెందుకు? ఇప్పటికీ ఆ చెయ్యి చూసుకుంటే నాకు సిగ్గే.

మామ రక్తం తుడుచుకుంటూ మొలలోతు నీళ్లలోకి దిగాడు.

"మొకం మీద కొట్టకండర్రా. ఆ గునపం ఇలాగియ్యండి. అతుకెక్కడుందో నాకే తెల్సు."

బొమ్మను పక్కకు ఒరిగించి, చంక కింద మొన ఆనించి, ఒక్క పోటు పొడిచాడు. అతుకు నిలువునా విచ్చుకుంది. నీళ్లు లోపలికి దూరాయి. బొడ్డు, తొండం, చివరికి కిరీటం కూడా మునిగిపోయాయి.

జై అంటూ మామను భుజాలకెత్తుకున్నారు. ఒక కాలు నేను పట్టుకున్నాను. ఆయన మా వంశాలను పేరుపేరునా తిడుతున్నాడు, ఏడుస్తున్నాడు, అందిన తలనల్లా పిడికిలితో గుద్దుతున్నాడు. డప్పుల మోతలో, కాలు పట్టుకున్న నాకు తప్ప, ఒక్క మాటా ఎవరికీ వినబడలేదు. గుద్దులు తిన్నవాళ్లు మాత్రం ఆయనకు పూనకం వచ్చిందనుకుని, ఆ పాదాలు కళ్లకద్దుకున్నారు.