క్వాంటం కోర్సుకు పిల్లలు కావలెను

జూన్ వచ్చిందంటే మా డిగ్రీ కాలేజీ లెక్చరర్లం అడ్మిషన్ల కోసం ఊళ్ల మీద పడతాం. కరపత్రాలు సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగి, మీ పిల్లల్ని మా దగ్గరే చేర్చండని బతిమాలుతాం. ఆ ఏడు నాకు ఆ అవసరం మరీ ఎక్కువైంది. ఎందరి చుట్టూనో తిరిగి క్వాంటం కంప్యూటింగ్ కోర్సు తెచ్చుకున్నాను. సరిపడా మంది చేరకపోతే మొదలుకాకముందే ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. ఇంకొక్కరు తక్కువ పడ్డారు.

జనగామ నుంచి బచ్చన్నపేట వైపున్న ఒక తండాకు, చరిత్ర చెప్పే మిత్రుడి బండి మీద పోయాను. అక్కడొక అమ్మాయికి ఫిజిక్స్ అంటే ప్రాణమని విన్నాం. వాళ్లమ్మ చేను నుంచి అప్పుడే వచ్చి, మంచం వాల్చి కూర్చోమంది. ఈ చదువు చదివితే ఏమొస్తుందని అడిగింది. మిత్రుడు వెంటనే అందుకున్నాడు. గతం చెప్పి బతికేవాడికి భవిష్యత్తు మీద ఎక్కడలేని ధీమా. వచ్చే ఏడుకల్లా ఆ క్వాంటం మిషన్లు ఊరూరా వస్తాయని, కంపెనీలు గుమ్మంలో నిలబడతాయని కోతలు కోశాడు.

నాకు ఒళ్లు మండింది. అట్లేం కాదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొత్త మందులు, ఎరువులు కనిపెట్టే లెక్కల్లో కొన్నింటిని అది తొందరగా తేల్చవచ్చు. కానీ దాని లోపల లెక్క చేసే అతి చిన్న భాగాలు, క్యూబిట్లు, మహా సుకుమారం. తోడు వేసిన పాలగిన్నెను కదిలిస్తే పెరుగు చెడినట్టు, కాస్త వేడి తగిలినా, అదురు తగిలినా లెక్క చెడుతుంది. ఆ తప్పులు దిద్దడానికి ఇంకా బోలెడు క్యూబిట్లు కావాలి, అవీ తప్పులు చేస్తాయి. నిజంగా పనికొచ్చేది ఎప్పుడో నాకూ తెలియదన్నాను.

మిత్రుడు నన్ను మింగేసేలా చూసి కరపత్రాలు సర్దుకున్నాడు. తల్లీకూతుళ్లు వాళ్ల భాషలో ఏదో మాట్లాడుకున్నారు. నా కోర్సు మునిగిందనే అనుకున్నాను.

"అయితే గా మిషన్ పని ఇంక మస్తు మిగిలింది గద సారు" అంది తల్లి. "మేం కూలికి పని మిగిలినకాడికే పోతం. పత్తి ఏరినంక చేన్లకు ఎవలు పిలుస్తరు? మా బిడ్డను రాస్కోండ్రి."

ఆ పాత మంచం మీదే ఎగిరి గంతేయాలనిపించింది. తర్వాతి ఊళ్లో మిత్రుడు అదే మాటను తన సొంతమన్నట్టు వాడుకున్నాడు.

కోర్సు నడుస్తోంది. దూరంగా ఎక్కడో ఉన్న క్వాంటం కంప్యూటర్‌కు మా ల్యాబ్ నుంచి ఇంటర్నెట్‌లో చిన్న లెక్కలు పంపుతాం. జవాబు తప్పొచ్చినప్పుడల్లా క్లాసంతా ఉసూరుమంటుంది. ఆ పిల్ల మాత్రం నవ్వుతూ నావైపు తిరిగి, "ఇంక పనున్నది సార్" అంటుంది.