నిమ్మకాయ తొడిగిన వేలు

మంచుకొండ మీది పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. వీపున మందుల సంచి. మాచర్ల ఎండల్లో పెరిగిన ఒళ్లు కదా, బంకర్ ముందు నిలబడగానే పళ్లు టకటకలాడాయి. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటును. డాక్టరుగారు కింద క్యాంపులో ఉంటారు; పైన ఎవరికేమైనా ముందు చూసేది నేనే.

ఎన్ని బుల్లెట్లు తీశావని మీరంతా అడుగుతుంటారు. ఒక్కటీ తీయలేదు. నా యుద్ధమంతా ఒక వేలితోనే.

మెషిన్‌గన్ పట్టే కుర్రాడిది గురజాల దగ్గరి ఊరు. నేనూ పలనాటివాణ్ణేనని తెలియగానే "అన్నా" అంటూ వాటేసుకున్నాడు, ఎడమ చేత్తో. కుడిచెయ్యి కోటు జేబులోంచి రాలేదు. అనుమానమొచ్చి బయటికి లాగాను. ఓరి దేవుడా! చూపుడువేలికి రేషన్ నిమ్మకాయ తొడిగి ఉంది.

"గోరుచుట్టేలే అన్నా. మా అమ్మ ఇట్టాగే తొడిగేది."

"ఎట్టా వచ్చిందిరా?"

"మొన్న డబ్బా మూత కోసుకుంది. చెప్తే కిందికి పంపుతారు. పలనాటోడు వేలు నొప్పని దిగిపోయాడంటారు. చానా నామోషీ."

"నీ పౌరుషం, నీ నిమ్మకాయ తగలెయ్య! వేలు తీసేస్తే రాదా నామోషీ?"

నిమ్మకాయ తీశాను. గోరుచుట్టయితే గోరు పక్కనే ఉబ్బుతుంది. ఇక్కడ వేలంతా ఉబ్బి, కొక్కెంలా వంగింది. అరచేతి వైపు మొదలుదాకా ఎక్కడ నొక్కినా నొప్పే. కొన పట్టుకుని కాస్త చాపబోతే కేక పెట్టాడు. వేలిని మడిచే స్నాయువు వెంట చీము పాకుతోంది. ఆలస్యమైతే ఆ వేలు ఇక ట్రిగ్గర్ నొక్కదు. అసలు మిగలకపోవచ్చు. నాకు భయమేసింది.

రేడియోలో డాక్టరుగారు దొరికారు. వేలి సంగతంతా చెప్పాను. "చాపితే అరుస్తున్నాడా?"

"అరుస్తున్నాడు సార్."

"నువ్వు కొయ్యొద్దు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చి, చెయ్యి పైకి ఉంచి, వెంటనే దించు. ఇక్కడ సర్జన్‌ను సిద్ధం చేస్తా."

అప్పుడే మబ్బు దిగి కొండను కమ్మేసింది. హెలికాప్టర్ రాదన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇంజెక్షన్ చేశాను. వేలు వంగినట్టే ఉంచి మెత్తగా కట్టుకట్టి, పైన ఉన్ని తొడుగు వేశాను. పోస్టు కమాండర్ తాడునూ, తోడుగా ఇద్దరు జవాన్లనూ ఇచ్చారు.

"చెయ్యి దించావంటే తంతా," అన్నాను.

"ఇదేంది అన్నా, పలనాటోడు చెయ్యెత్తి నడవటమా? లొంగిపోయాననుకుంటారు!"

"వేలు దక్కాలంటే ఎత్తరా!"

తిట్టుకుంటూ, జారుకుంటూ వెలుగుండగానే క్యాంపులో పడ్డాం. సర్జన్ వేలిని తెరిచి చీమంతా కడిగేశారు. బయటికొచ్చి, "వేలు దక్కింది. ఇంకొక్క పూట ఆగుంటే చెప్పలేకపోయేవాణ్ణి," అన్నారు. నేను వేసిన కేకకు వార్డంతా లేచి చూసింది. గెలిచాం!

పుండు మానాక రోజూ ఏడుస్తూనే వేలు మడిచి చాపే కసరత్తు చేసి, వాడు మళ్లీ పోస్టుకొచ్చి తుపాకీ పట్టాడు.

డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాక, వాడూ సెలవు మీద వచ్చాడని తెలిసి వాళ్ల ఊరెళ్లాను. వాళ్లమ్మ విస్తరి వేస్తూ నిలదీసింది. "నా నిమ్మకాయని తిట్టావంట గదా అబ్బాయ్?"

"తిట్టాను పెద్దమ్మా. నిమ్మకాయ పచ్చడి పెట్టు, దానికి దణ్ణం పెడతా."

పెట్టింది. పక్కన వాడు వేడన్నంలో చెయ్యి పెట్టి కలిపాడు. చూపుడువేలు మిగతా వేళ్లతో పాటే ఒద్దికగా వంగి ముద్ద చుట్టింది. చానా పతకాలు చూశాను గానీ, నా కళ్లలో నిలిచిపోయింది ఆ ముద్దే.