చదవకుండా వదిలేసిన నాలుగు వరుసలు

రాసుకో బిడ్డా. అది 1994. షోలాపూర్‌లో మన సాలోళ్ల వాడ. మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీద, ఆడవాళ్లం అరుగుల మీద బీడీలు చుడుతూ. నేను మాత్రం సగంపూట చుట్టేదాన్ని కాదు, చదివేదాన్ని. మాలో అక్షరాలొచ్చింది నాకొక్కదానికే. పేపరు చదివి వినిపిస్తే తలా గుప్పెడు బీడీలు నా చేటలో వేసేవాళ్లు. అదీ మా పద్ధతి.

ఆ ఏడు సూరత్‌లో ప్లేగన్నారు. మా దగ్గరికి మూడు పేపర్లొచ్చేవి. భయపెట్టే వార్త చదివితే ఎవరూ తలెత్తరు, వేళ్లు చకచకా ఆడతాయి. డాక్టర్ల సలహా మొదలుపెడితే ఆవలింతలు.

"అది ఇడిసిపెట్టక్కా, ఎలుకలది చదువు" అనేవాళ్లు.

వదిలేసేదాన్ని. చంకల్లో గడ్డలు, దగ్గితే రక్తం. మూడు పేపర్లలోని ఒకే వార్తను మూడు వార్తల్లా చదివేదాన్ని.

మా నర్సవ్వ మొగుడు మల్లేశం సూరత్‌లోనే మగ్గం నడిపేవాడు. నేను చదివేసిన పేపర్లు ఆమె అడిగి తీసుకెళ్లేది. చదువు రాదుగా, ఎందుకే అంటే "బీడీ ఆకు చుట్టి పెట్టుకుంట" అనేది.

తర్వాత రెండు రోజులు నర్సవ్వ అరుగు మీదికి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం వెళ్లి చూస్తే, తన ఇంటి ముందే ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు మల్లేశం. ముందురోజే సూరత్ నుంచి దిగాడట. జ్వరం లేదు, దగ్గు లేదు. నర్సవ్వ తలుపు తీయలేదు. కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. ఆ వాడలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"అక్కా, నేను బతికే ఉన్న గదా? గా ముచ్చట జెర దానికి చెప్పు" అన్నాడు.

కిటికీ సందుల్నిండా కాగితం కుక్కి ఉంది. ఒక్క చీలికలోంచి చూశాను. గోడలన్నీ పేపర్లే, నేను చదివినవే. నూలుకు పట్టించే మగ్గం గంజితో అంటించింది, సగం తలకిందులుగా. నాలుగేళ్ల కూతురు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కదలకుండా కూర్చుంది.

"నర్సవ్వా!"

"మెల్లగక్కా. నువ్వు చదువుతున్నవ్."

"నేనేడ చదువుతున్ననే? ఈడ నిలబడ్డ."

"అగో, గోడలకెల్లి. పొద్దటిసంది ఆపుతలేవు. గడ్డలంటున్నవ్. పిల్లకు చూసిన, లేవు. మల్ల చదివినవ్, మల్ల చూసిన."

ఒక్క క్షణం నాకూ ఆ ఇంటి లోపల్నుంచి నా గొంతు వినబడినట్టే అయింది.

భయపడొద్దంటే వినదు. పేపర్లో ఉంటేనే నమ్ముతుంది. ఇంటికి పరుగెత్తి, మిగిలిన పాత పేపరొకటి తెచ్చాను. డాక్టర్ల సలహా అని నేను వదిలేసిన కింది నాలుగు వరుసలు కిటికీ దగ్గర నిలబడి చదివాను. జ్వరమొస్తే వెంటనే దవాఖానాకు పోవాలని, మాత్రలున్నాయని, వేళకు వాడితే తగ్గుతుందని. మూడుసార్లు చదివాను.

లోపల్నుంచి మాట వచ్చింది.

"గిది మొన్నటి పేపరేనా అక్కా?"

"అవునే."

"మరి మొన్నెందుకు చదవలే?"

గడియ తీసిన చప్పుడైంది. మొగుణ్ని ఎండలో నిలబెట్టి, "చేతులు లేపు" అని చంకలు చూసింది. తర్వాత ముగ్గురూ దవాఖానాకు వెళ్లారు. ఏమీ లేదని పంపించారు.

ఆనాటి నుంచి ఏం చెయ్యాలో ముందు చదివి, ఏం జరిగిందో తర్వాత చదివేదాన్ని. ఆవలించేవాళ్లు ఆవలించారు. కరోనాలో నీ ఫోను ఎవరూ చూడకున్నా పొద్దంతా మాట్లాడుతుంటే, కట్టెయ్యమని ఎందుకరిచానో ఇప్పుడు తెలిసిందా? ఒకరి చెవిలో వేసిన మాట, మనం ఇంటికొచ్చేశాక కూడా అక్కడే ఉండి మాట్లాడుతుంది.

గంజి కదా, కాగితాలు ఊడలేదు. మల్లేశం వాటి పైనే సున్నం కొట్టాడు. వానాకాలం గోడ చెమ్మగిల్లితే అక్షరాలు పైకి తేలేవి. ఆ ఇంటికెళితే నేను ఆ అక్షరాలు కంటపడకుండా గోడకు వీపుపెట్టి కూర్చునేదాన్ని.