“తర్వాత” ఫోల్డరు తెరిచిన నంజుండప్ప సారు

నంజుండప్ప సారు ఇక లేరన్న వార్త పెనుకొండ బస్టాండులో నా చెవిన పడింది. ధర్మవరంలో కూతురి ఇంట తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట. ఆ దిగ్భ్రాంతి నుంచి తేరుకోకముందే హిందూపురంలోని మా ఆఫీసు యజమాని వాట్సాప్‌లో సారు ఫొటో పెట్టి, పక్కన దీపం బొమ్మ వెలిగించి, “మా సంస్థకు మూలస్తంభం” అని రాశాడు. మూడేళ్ల కిందట ఆ స్తంభాన్ని మెడపట్టి గెంటిన చేయీ, ఈ దీపం వెలిగించిన చేయీ ఒకటే. సిగ్గు అనేది అంగట్లో దొరికేటట్టయితే మావాళ్లకు తలా కాస్త కొనిపెట్టేదాన్ని.

సారుది అమరాపురం. కన్నడంలో తిట్టి తెలుగులో బోధించేవారు. మా ఆఫీసులో జరిగేది ఊళ్లలోని కుటుంబాల వివరాలను ఆరోగ్య కార్డుల కోసం ఎక్స్‌ఎమ్మెల్ ఫైళ్లుగా కూర్చి ప్రభుత్వ పోర్టల్‌కు పంపడం. ప్రతి వివరానికీ ముందొక ట్యాగు తెరవాలి, వెనకొక ట్యాగు మూయాలి. ఏ గడి తప్పనిసరో స్కీమా అనే నియమావళి చెబుతుంది. ఏది తప్పినా పోర్టల్ ఫైలును తిప్పికొడుతుంది. అలా తిరిగొచ్చిన ఫైళ్లలో దోషాన్వేషణమే సారు ఉద్యోగం. ఆ విద్యలో ఆయనకు సాటిరాగల మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఒకసారి ఫైలు చిట్టచివరి వరుసలో దోషం ఉందని ఎర్రక్షరాలు వచ్చాయి. మా మహాపండితులు ముగ్గురు రెండు రోజులు ఆ ఒక్క వరుసనే చెరిపి రాసి, రాసి చెరిపి, చివరికి కంప్యూటరుకు దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టారు. సారు సెలవు నుంచి వచ్చి, తెర మీద స్కేలు ఆనించి మొదటి వరుస నుంచి చదవసాగారు. మధ్యాహ్నానికి దొరికింది. ఎవరో ఒక కుటుంబాన్ని కాసేపు పక్కన పెడదామని, కంప్యూటరు చదవకుండా దాటేసే వ్యాఖ్య గుర్తు తెరిచి, మూయడం మరిచారు. ఆ కింద ఉన్నదంతా వ్యాఖ్యే అనుకుని కంప్యూటరు చివరిదాకా పోయి బోర్లాపడింది.

“కుక్క మొరిగిన చోట దొంగ ఉండడప్పా. వాడు యాడ గోడ దూకినాడో చూడల్ల,” అన్నారు నిమ్మకాయ ఊడబెరుకుతూ. “మీకు జీతాలిచ్చే ఆ మహానుభావునికి దండం పెట్టల్ల.”

ఆయన తిట్లకు నొచ్చుకున్నవాళ్లు చాలామంది. నేర్చుకున్నవాళ్లు తక్కువ.

మా ఆఫీసుకొక ఆచారం ఉంది, దాని పేరు కోత. పోర్టల్ ఏ కుటుంబం దగ్గర దోషం చూపిస్తే ఆ కుటుంబాన్ని ఫైలులోంచి కోసి, “తర్వాత” అనే ఫోల్డరులో పడేసి, మిగిలింది పంపడం. పచ్చ టిక్కు రాగానే మిరపకాయ బజ్జీలు తెప్పించుకోవడం. ఆ ఫోల్డరు మళ్లీ తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. చేరిన వారంలోనే నాకూ ఈ దివ్యవిద్య అబ్బింది. తనకల్లు దిక్కు ఊళ్ల ఫైలు వచ్చినప్పుడు గొర్రెల దొడ్ల పక్కన కొట్టాల్లో బతికే ఇరవై కుటుంబాలకు డోరు నంబరు లేదు. స్కీమాకు డోరు నంబరు తప్పనిసరి. ఇరవై కుటుంబాలనూ నేనే కోశాను, బజ్జీలు తిన్నాను.

రెండు నెలలకు గంగమ్మవ్వ వచ్చింది. రెండు కళ్లకూ పొరలు కమ్మి, మనవరాలి భుజం పట్టుకుని నడుస్తోంది. కార్డు లేనిదే ఆపరేషన్ చేసేది లేదన్నారట ఆసుపత్రిలో.

“ఏమప్పా, ఊర్లో అందరి పేర్లూ ఉండాయి. నాది యాడబోయె?”

సారు ఒక్కరే లేచి ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, “తర్వాత” ఫోల్డరు తెరిచారు. ఎవరు ఎప్పుడు కోశారో అందులో అంతా ఉంటుంది. ఆయన చదివారు, నా వైపు ఒక్కసారి చూశారు.

“ఎవరు సామీ తీసేసినారు?” అంది అవ్వ.

“మేమే అవ్వా,” అన్నారు సారు.

ఏదో ఒక డోరు నంబరు వేసి పంపేద్దామన్నాడు యజమాని. సారు ఒప్పుకోలేదు. “లేని ఇంటికి నంబరేస్తే రేపు ఆసుపత్రోళ్లు అడ్రసు చూసి ఎనక్కి పంపుతారు. తప్పుండేది అవ్వ కాడ కాదు సార్, స్కీమా కాడ. అది మారేదాకా ఈ ఫైలు పూర్తయిందని నేను సంతకం పెట్టను.” ఇరవై కొట్టాల కోసం వ్యాపారం ఆపుకోలేనన్నాడు ఆ ఉదారుడు. మర్నాటి నుంచి సారు కుర్చీ ఖాళీ. కోసింది నేనని ఆయన అనలేదు. నేనూ అనలేదు. ఆ రోజు నా నోటికి తాళం వేసుకున్న పిరికితనం ముందు యజమాని దుర్మార్గం చిన్నదే.

ధర్మవరం నుంచి సారు అర్జీల మీద అర్జీలు రాశారు, ఆఫీసుల మెట్లెక్కారు. ఏడాది తిరిగేసరికి డోరు నంబరు గడి ఖాళీగా వదలవచ్చని స్కీమా మారింది. ఇరవై కుటుంబాలకూ కార్డులు వచ్చాయి. అవ్వకు కుడికన్ను దక్కింది. ఎడమకన్ను ఆ ఏడాదిలోనే పోయింది.

మొన్న మా ఆఫీసులో సంతాపసభ. “వారు చూపిన బాటలోనే నడుస్తున్నాం,” అని యజమాని గద్గదస్వరంతో ఉపన్యసించాడు. అదే ఉదయం మడకశిర వైపు ఫైలులో తొమ్మిది కుటుంబాలకు కోత పడింది. చప్పట్లు కొట్టినవాళ్లలో కోసినవాళ్లూ ఉన్నారు. అంతలో గంగమ్మవ్వ లోపలికొచ్చి, ఫొటో ముందు కనకాంబరాల మూర పెట్టి, నా పక్కన కూలబడింది.

“ఆ సారు సచ్చేదాకా చెప్పల్యా పాపా. ఎవరు కోసినారు నా పేరు?”

“నేనే అవ్వా,” అన్నాను.

మిగిలిన ఆ ఒక్క కంటితో నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండు అనుకున్నాను.

“మా దొడ్ల కాడ కొత్తగా కాపురమొచ్చినోళ్లవి ఇంగా ఆరు పేర్లు ఎక్కల్యా,” అంది. “ఏడుస్తా కూచుంటే ఎట్ల? రాసుకో.”

ఉపన్యాసం సాగుతూనే ఉంది. నేను సంతాపసభ కరపత్రం తిరగేసి, వెనకవైపు ఆమె చెప్పిన ఆరు పేర్లూ రాశాను. గురువుగారికి నేను అర్పించగలిగిన నివాళి ఆ ఆరు పేర్లే. మొదటి వరుస నుంచి మళ్లీ చదివాను, ఇంకోసారి చదివాను. అందులో తప్పుందో లేదో చూసి నన్ను తిట్టడానికి మాత్రం ఎవరూ లేరు.