గవర్నర్‌పేటలో ఎగరని కర్సర్

అది 2007. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మీద, రెండో అంతస్తులో నా కంప్యూటర్ సర్వీసు షాపు ఉండేది. లాడ్జికి వచ్చినవాళ్లు అలవాటుగా ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేసి, నా బల్ల ముందు సూట్‌కేసు దించి, “సింగిల్ రూమ్ ఉందా?” అని అడిగేవారు. మొదట్లో ఇది లాడ్జి కాదండీ అని వివరంగా చెప్పేవాణ్ణి. తర్వాత “ఫుల్ అండీ” అనడం మొదలుపెట్టాను. ఇద్దరికీ టైము కలిసొచ్చేది.

నేను చదివింది బీఎస్సీ ఎలక్ట్రానిక్స్. అప్పటికి తొమ్మిదేళ్లుగా డెస్క్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. డెస్క్‌టాప్ మర్యాదస్తురాలు. పాడైతే పాడైనట్టే ఉంటుంది, మూత తీస్తే దుమ్మో బొద్దింకో దొరుకుతుంది. లాప్‌టాప్‌లు అప్పుడప్పుడే రావడం మొదలయ్యాయి. అవి రోగంతో కాక కథతో వచ్చేవి.

షాపుకొచ్చిన ప్రతి మిషనుకీ ఒక జాబ్ కార్డు రాస్తాం. అందులో మూడు గళ్లు: కస్టమర్ చెప్పినది, మేం కనిపెట్టినది, మేం చేసినది. ఎంత వెతికినా ఏమీ దొరక్కపోతే మధ్య గడిలో ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని రాస్తాం. లోపం కనపడలేదు అని అర్థం. రాయడానికి మూడు సెకన్లు పడుతుంది. చదివినవాళ్లకి మాత్రం, మిషను బాగానే ఉంది, మనిషిని చూసుకోండి అని వినపడుతుంది. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు.

ఆ వేసవిలో కైకలూరు నుంచి శ్యామలగారు వచ్చారు. నలభై దాటి ఉంటాయి. నేత చీర, చేతుల నిండా ఆకుపచ్చ మట్టిగాజులు, బిగ్‌షాపర్ సంచిలో తువ్వాలుకి చుట్టిన లాప్‌టాప్. పసిబిడ్డని ఆసుపత్రికి తెచ్చినట్టు తీసి బల్ల మీద పెట్టారు.

“రాస్తుంటే ఎగురుతోందండీ,” అన్నారు.

“ఏది మేడం?”

“గీత. మినుకుమినుకుమంటుంది చూడండీ, అది.”

ఆమె చెబుతున్నది కర్సర్ గురించి. తర్వాతి అక్షరం ఎక్కడ పడుతుందో చూపించే గీత అది. ఆవిడ చేసేది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. డాక్టర్లు మాటల్లో రికార్డు చేసిన రిపోర్టులని చెవిలో వింటూ టైపు చెయ్యడం. హైదరాబాదులో ఒక కంపెనీ ట్రైనింగ్ ఇచ్చి, లాప్‌టాప్ కూడా ఇచ్చి, ఇంటి దగ్గరే పని చేసుకోమంది. మొదటి రెండు నెలలూ ఒక్క తప్పు లేదు. మూడో నెల నుంచి వాక్యం మధ్యలో కర్సర్ ఎగిరి, పై పేరాలోకి వెళ్లి కూర్చుంటోంది. ఆవిడ వింటూ, తెర చూడకుండా టైపు చేసే మనిషి. చూసుకునేసరికి నాలుగు మాటలు వేరేచోట పడి ఉంటున్నాయి.

“మొన్న ఒకాయన ఆపరేషన్ రిపోర్టండీ. మూడు రోజుల తర్వాత కుట్లు విప్పాలి అన్నది పైకెళ్లి, వాళ్ల నాయనమ్మకి షుగరుందని రాసినచోట పడింది.”

ఆ లెక్కన మూడు రోజుల్లో నాయనమ్మకి కుట్లు విప్పాలి. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ రోజు గంటసేపు నేను టైపు చేశాను, గంటసేపు ఆవిడ చేశారు. కర్సర్ బుద్ధిగా లైను వెంట నడిచింది. వైరస్ తుడిచి, ఇంక ఎగరదని చెప్పి పంపించాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు. అదే సంచి, అదే తువ్వాలు. ఈసారి నాకు జవాబు ముందే తెలుసు. లాప్‌టాప్‌లో కీబోర్డుకి కింద, మౌస్‌కి బదులుగా ఒక చిన్న పలక ఉంటుంది. టచ్‌ప్యాడ్ అంటారు. దాని మీద వేలు ఆనితే చాలు, క్లిక్ అనుకుని, తెర మీద మౌస్ బాణం ఉన్నచోటికి గీతని పంపేస్తుంది. టైపు చేస్తూ అరచెయ్యి ఆనించేవాళ్లకి కర్సర్ ఎగరడం మామూలే.

“మేడం, మీరు చేతులు కింద ఆనిస్తున్నారు,” అన్నాను, డాక్టరు ‘మీరు స్వీట్లు తింటున్నారు’ అన్నట్టుగా.

ఆవిడ నా వైపు చూశారు. కోపం అనను. పాత లెక్కల టీచరు ఎక్కం తప్పిన పిల్లాణ్ణి చూసే చూపు.

“బాబూ, నేను టైపు హయ్యర్ పాసయ్యాను. మా మాస్టారు మణికట్టు కింద చెక్క స్కేలు పట్టుకుని నిలబడేవారు. చెయ్యి దిగితే స్కేలు పైకొచ్చేది. రెండేళ్లు అలా నేర్చుకున్న చెయ్యి, ఇప్పుడు మీ పలక మీద పడుకుంటుందా?”

టైపు చేసి చూపించారు. నిజమే. రెండు మణికట్లూ గాల్లో, కొలిచినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి. కృష్ణ ఒడ్డున కొంగలు కూడా అంత నిశ్చలంగా ఉండవు. నా కళ్లతో నేను చూశాను కాబట్టి టచ్‌ప్యాడ్‌ని అనుమానితుల జాబితాలోంచి కొట్టేశాను. ఈ కేసులో పెద్ద తప్పు అదే. నాకు అప్పుడది జాగ్రత్తలా కనిపించింది. పేరుకి పామ్ చెక్ అనే సెట్టింగ్‌ని ఆఖరుదాకా జరిపాను. అరచెయ్యంత వెడల్పుగా ఏదైనా తగిలితే పట్టించుకోవద్దని పలకకి చెప్పే సెట్టింగ్ అది. తర్వాత కీబోర్డు మార్చాను. రెండు గంటలు పరీక్షించాం. గీత ఎగరలేదు.

మూడోసారి ఒక శనివారం వచ్చారు. ఈసారి సంచిలోంచి ముందు కాగితం తీశారు. కంపెనీ ఉత్తరం. తప్పుల వల్ల పని ఆపెయ్యాలనుకుంటున్నామనీ, లోపం మిషనుదే అయితే సర్వీసు షాపు నుంచి రాయించి సోమవారానికల్లా ఫ్యాక్స్ చెయ్యమనీ.

సాయంత్రం దాకా పరీక్షించాను. ఏమీ లేదు. లేనిది ఉందని ఎలా రాస్తాను? జాబ్ కార్డు మధ్య గడిలో నో ఫాల్ట్ ఫౌండ్ అని రాసి, ముద్ర వేసి ఇచ్చాను.

ఆవిడ చదువుకున్నారు. “అంటే ఫాల్ట్ నాదని రాశారా?”

“కాదండీ. మిషన్‌లో కనపడలేదని రాశాను.”

“చదివేవాళ్లకి ఒకటేగా.” కాగితం నాలుగు మడతలు పెట్టారు. “మా ఇంట్లో చేస్తుంది, మీ షాపులో చెయ్యదు. మిషను కాదని మీరంటారు. నేను కాదని నాకు తెలుసు. అయితే మూడోది ఇంకేదో ఉండాలి కదండీ?”

ఆవిడ లాప్‌టాప్‌కి తువ్వాలు చుట్టి, బస్సుకి టైమైందని మెట్లు దిగిపోయారు. అదే క్షణంలో సూట్‌కేసుతో ఒకాయన పైకెక్కి రూమ్ ఉందా అన్నారు. లేదన్నాను. ఫుల్ అనడం కూడా మర్చిపోయాను.

మర్నాడు ఆదివారం. షాపు సెలవు. టిఫిను తింటుండగా ఆ మూడోది ఏమిటో నాకు తట్టింది: కరెంటు. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే, చార్జర్ పెట్టినప్పుడు టచ్‌ప్యాడ్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. షాపులో ఎర్తింగ్ ఉంది, కైకలూరులో లేదు. అంతే. కరెంటు కొలిచే మల్టీమీటరు జేబులో, పనిముట్ల సంచి భుజాన వేసుకుని కైకలూరు బస్సెక్కాను. దారి పొడుగునా చెరువులు చూసుకుంటూ, నా తెలివికి నేనే ముచ్చటపడుతూ వెళ్లాను.

శ్యామలగారి భర్త సాంబయ్యగారు కొల్లేటి చేపల వ్యాపారం చేస్తారు. గుమ్మంలోనే ఎదురొచ్చారు. విజయవాడ కంప్యూటర్ షాపు నుంచి వచ్చానని చెప్పాను.

“రండి రండి. మా వలలో చేప కూడా అన్నిసార్లు ఎగరదండీ. ఎగిరీ ఎగిరీ ఆ గీత ఈవిడ ఉద్యోగానికే ఎసరు పెట్టింది.”

“ఆయన మాటలకేం గానీ, కూర్చోండి,” అన్నారు శ్యామలగారు. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టున్నారు. బయటపడలేదు.

మీటరు పెట్టి చూశాను. ఎర్తింగ్ నా షాపులో కన్నా బాగుంది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద టైపు చెయ్యమన్నాను. రెండు నిమిషాలు. కర్సర్ ఒక్క గంతు వేసి మూడు లైన్లు పైకెళ్లింది.

“ఆహా!” అన్నాను.

దంపతులిద్దరూ నన్ను వింతగా చూశారు. నెల రోజులుగా దాక్కున్న లోపం కళ్లెదుట కనపడితే మెకానిక్‌కి కలిగే సంతోషం, ఆ మిషను సొంతదారుకి అర్థమయ్యేది కాదు.

నేను కూర్చుని టైపు చేశాను. ఎగరలేదు. ఆవిడ కూర్చున్నారు. ఎగిరింది.

“చూశారా, మీరంటే దానికి భయం,” అన్నారు సాంబయ్యగారు.

“నువ్వు కాసేపు ఊరుకుంటావా?” అన్నారు ఆవిడ, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే.

నేను నేల మీద మోకాళ్లేసి, చెంప బల్లకి ఆనించి, పక్కనుంచి చూశాను. మణికట్లు గాల్లోనే ఉన్నాయి. మాస్టారి స్కేలు ఇప్పుడు పెట్టినా తగలదు. కానీ మణికట్టు కింద బంగారు గాజు వేలాడుతోంది. ఎడమ చెయ్యి బీ అక్షరం కోసం లోపలికి జరిగినప్పుడల్లా ఆ గాజు అంచు టచ్‌ప్యాడ్‌ని ఇలా ముద్దు పెట్టుకుని వెళుతోంది.

“మేడం, ఈ గాజులు మీరు షాపుకొచ్చినప్పుడు లేవు కదూ?”

“బంగారం వేసుకుని బస్సులో విజయవాడ ఎవరొస్తారండీ? తీసి బీరువాలో పెట్టి, మట్టిగాజులు వేసుకొస్తా.”

మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ లోపాన్ని భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చారు.

ఇక్కడ చిన్న వివరం. టచ్‌ప్యాడ్‌కి ఒత్తిడితో పని లేదు. మన ఒంట్లోని కరెంటు గుణాన్ని బట్టి వేలిని పసిగడుతుంది. చేతికున్న లోహం ఆ గుణాన్ని అందిస్తుంది, మట్టిగాజు అందించదు. చేతికున్న బంగారు గాజు అంచు, పలక లెక్కలో, అచ్చం వేలికొన. అరచెయ్యంత వెడల్పు లేదు కాబట్టి పామ్ చెక్ కూడా దాన్ని గౌరవంగా లోపలికి పంపిస్తుంది. చేతులు ఎత్తి టైపు చేసినకొద్దీ గాజు బాగా వేలాడుతుంది. నిజానికి ఆవిడ పద్ధతి చెడ్డదై ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

ఒక గాజు తీసి నా చేతికి ఇమ్మన్నాను. పట్టుకుని పలక మీద ఆనిస్తే తెర మీది బాణం కదిలింది. మట్టిగాజు ఆనిస్తే కదల్లేదు. సాంబయ్యగారు కూడా వంగి, రెండూ మార్చి మార్చి ఆనించి చూశారు.

“మరి మొదటి రెండు నెలలూ ఎందుకు చెయ్యలేదు?” అన్నారు.

సమాధానం శ్యామలగారే చెప్పారు, కొంచెం నెమ్మదిగా. పాత గాజులు బిగుతుగా, చేతికి పట్టేసి ఉండేవట. మొదటి రెండు జీతాలతో కాస్త బంగారం కలిపి, వదులుగా కొత్తవి చేయించుకున్నారట.

“అయితే తీసేసి పని చేసుకో. పోయేదేముంది?” అన్నారు సాంబయ్యగారు.

“ఈ ఉద్యోగం చేసి చేయించుకున్నవి, ఈ ఉద్యోగం కోసం తియ్యాలా? నే తియ్యను.”

తియ్యాల్సిన పని కూడా లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి టచ్‌ప్యాడ్‌ని పూర్తిగా ఆపేశాను. నా సంచిలోని మౌస్ తగిలించాను. పది సెకన్లు పట్టింది. వైరస్ తుడిచి, కీబోర్డు మార్చి, మూడుసార్లు ఒక మనిషిని బస్సులో తిప్పిన తర్వాత పది సెకన్లు. ఆ మాట నేను బయటికి అనలేదు. ఆవిడా అనలేదు. అది ఆవిడ మంచితనం. ఇంకో అరగంట డాక్టరు మాటలు వింటూ టైపు చేశారు. కర్సర్ ఎగిరితే ఒట్టు.

జాబ్ కార్డు ఇమ్మని అడిగి, మధ్య గడి కొట్టేసి, పక్కన సంతకం పెట్టి కొత్తగా రాశాను: చేతి గాజు టచ్‌ప్యాడ్‌కి తగులుతోంది, టైపిస్టు తప్పు కాదు. కొరమీను పులుసుతో భోజనం పెట్టందే వాళ్లు నన్ను పంపలేదు.

సోమవారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి మేనేజరు ఫోన్ చేశాడు.

“గాజులేంటండీ? జోకా?”

“మీ ఆఫీసులో అదే లాప్‌టాప్ ఉంటే, వదులుగా బంగారు గాజులున్న చెయ్యి ఒకటి వెతికి టైపు చేయించండి,” అన్నాను.

గంట తర్వాత మళ్లీ చేశాడు. గొంతులో ఇందాకటి విసురు లేదు. శ్యామలగారిని తియ్యడం లేదన్నాడు. అందరికీ మౌస్‌లు పంపిస్తామన్నాడు. తర్వాత, “పోయిన నెల ఇద్దర్ని తీసేశామండీ. ఇదే కంప్లైంటు చెప్పారు. వాళ్ల ఊళ్లలో సర్వీసు షాపులు నో ఫాల్ట్ ఫౌండ్ అని రాసిచ్చాయి,” అన్నాడు.

వాళ్లని మళ్లీ పిలుస్తారా అని అడిగాను. ఒకామెని పిలిచామని తర్వాత కబురు చేశాడు. రెండో ఆమె సంగతి నేను అడగలేదు. అడగాల్సింది.

ఆ తర్వాత నేను జాబ్ కార్డులు మళ్లీ అచ్చు వేయించాను. నో ఫాల్ట్ ఫౌండ్ అని రాయడం మానేశాను. ‘మా షాపులో కనపడలేదు’ అని రాస్తాను. మాటల్లో పెద్ద తేడా లేదు కానీ, ఇది నాకు తెలిసినంత వరకే చెబుతుంది. మిషను తెచ్చినవాళ్లని ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను: ఇంట్లో ఎలా కూర్చుంటారో, ఏం వేసుకుంటారో, ఇక్కడ ఏది మారిందో. కొందరు ఇబ్బందిగా చూస్తారు. చూడనీ.

నా పనిముట్ల డబ్బాలో స్క్రూడ్రైవర్ల పక్కన ఇప్పటికీ ఒక ఇత్తడి గాజు ఉంటుంది. లాప్‌టాప్ వస్తే చేతికి తొడుక్కుని, కాసేపు టైపు చేసి చూస్తాను. కస్టమర్లు అలవాటుపడ్డారు. అది ఇంకెవరి చేతిదో కాదనీ, సొంత ఖర్చుతో కొన్నాననీ మా ఆవిణ్ణి నమ్మించడానికి మాత్రం కొంచెం టైము పట్టింది.