నా సలహాతో నోరు మూసుకున్న కుక్క

కొవిడ్ లాక్‌డౌన్లు ముగిసిన ఏడాది వేసవిలో నన్ను బెంగళూరు దక్షిణపు అంచున ఒక ప్రభుత్వ పశువైద్యశాలకు సీనియర్ వెటర్నరీ ఆఫీసరుగా వేశారు. పేరుకు పశువైద్యశాలే గానీ, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి అత్తిబెలె దాకా అపార్ట్‌మెంట్లు లేస్తుండటంతో ఆవులకంటే కుక్కల కేసులే ఎక్కువ.

ఒకరోజు ఓబులేసు అనే వాచ్‌మన్ తన ఎర్ర కుక్క కెంచను తీసుకొచ్చాడు. అనంతపురం వైపు మనిషి. కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గర కాపలా. తినేటప్పుడు ఎవరు దగ్గరికొచ్చినా కుక్క గుర్రుమంటోందని, అది సైటు ఇంజనీరుకు గిట్టడం లేదని చెప్పాడు. బయట క్యూ పెరిగిపోతోంది. గుర్రుమన్నప్పుడల్లా గట్టిగా అదిలించు, అదే మానేస్తుంది అని చెప్పి పంపేశాను. ముప్ఫయ్యేళ్ల సర్వీసున్న డాక్టరు మాట కదా, పాపం అతను తు.చ. తప్పకుండా పాటించాడు.

నెల తిరిగేసరికి ఇంజనీరు నుంచి ఫిర్యాదు వచ్చింది. కెంచ ఓబులేసు భార్య గంగమ్మ చేతిని కరిచింది. ఆమెకు టీకాలు మొదలయ్యాయి. కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి, రేబిస్ లక్షణాలేమైనా కనిపిస్తాయా అని చూడటం పద్ధతి. ఆ తర్వాత దాన్ని అక్కడే ఉంచాలా, తరలించాలా అన్నది నా నివేదికను బట్టి ఉంటుంది. హెచ్చరిక లేకుండా కరిచే కుక్కను ఎలా నమ్మాలని ఇంజనీరు పట్టుబట్టాడు. నేనూ నివేదికలో ఆ మాటే రాసుకుని సైటుకు వెళ్లాను.

గంగమ్మ కట్టు కట్టిన చెయ్యి చూపించింది. "ఇది మానిపోతాది సార్. దాన్ని ఎత్తుకపోతే మళ్లా వస్తాదా?" అని కళ్లు తుడుచుకుంది.

కెంచకు అన్నం పెట్టించి, ఓబులేసును మెల్లగా దగ్గరికి నడవమన్నాను. అతను పది అడుగుల దూరంలో ఉండగానే కుక్క నమలడం ఆపేసింది. తల ఎత్తకపోగా గిన్నె మీదికి ఇంకా దించింది. ఒళ్లు కర్రలా బిగిసింది, కంటి కొనలో తెల్లగుడ్డు కనిపించింది. తోక నిక్కబొడుచుకుని చివర మాత్రమే ఊగుతోంది. తెలియనివాళ్లు దాన్ని సంతోషం అనుకుంటారు. ఓబులేసును ఆగమని అరిచాను. కరవబోయే ముందు కుక్క చెప్పేవన్నీ చెప్పింది, గొంతుతో తప్ప.

"గుర్రుమనలేదేమప్పా?" అని అడిగాను.

"మీరే గదా సార్ అదిలించమంటిరి. ఇప్పుడు నోరు మూసుకోని ఉండాది."

అతని మాటలో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్లయింది.

నివేదికలో 'హెచ్చరిక లేకుండా' అన్న మాట కొట్టేసి, 'హెచ్చరికను నా సలహాపై మాన్పించారు' అని రాసి సంతకం పెట్టాను. పది రోజులు నిక్షేపంగా గడిచాయి. మరో నెల గడువివ్వమని ఇంజనీరును బతిమాలుకున్నాను. గిన్నెను ఎవరూ తిరగని మూలకు మార్పించాను. గంగమ్మ దూరం నుంచే ఉడికించిన గుడ్డు ముక్క విసిరి వెళ్లిపోవాలి. కుక్క బిగుసుకుంటే వెంటనే వెనక్కి తగ్గాలి. అదిలించడం పూర్తిగా బంద్.

నెల తర్వాత ఇంజనీరును పక్కన నిలబెట్టుకుని చూశాను. గంగమ్మ ముక్క విసిరి, ఒక అడుగు ఎక్కువ వేసింది. కెంచ సన్నగా గుర్రుమంది. ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు. ఆమె వెనక్కి తగ్గి, నా వైపు తిరిగి నవ్వింది.

"వింటిరా సార్? చెప్తా ఉండాది."

కుక్క ఒళ్లు వదులై మళ్లీ తినసాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కెంచ అక్కడే ఉండిపోయింది. భోజనం వేళ ఆ మూలకు ఎవరూ వెళ్లకూడదని ఇంజనీరే మేస్త్రీలకు చెప్పించాడు.

రిటైరయ్యేదాకా మళ్లీ ఎవరికీ గుర్రుమనడం మాన్పించే మార్గం చెప్పలేదు. ఎవరిని చూసి, ఎప్పుడు, ఎంత దూరంలో అని అడిగి రాసుకునేవాణ్ని. గుర్రుమనే కుక్క కరవకుండా ఉండటానికే చూస్తోంది. ఆ గొంతు నొక్కేస్తే దానికి మిగిలేవి పళ్లే.